మేక లేకుండా నా సాక్ష్యం లేదు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు నంద్యాలలో మీ ముందు రెండు కాళ్ల మీద నిలబడి మాట్లాడుతున్న ఈ సుగుణమ్మ ఒకప్పుడు ఆళ్లగడ్డలో నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని, పెచ్చులూడిన ఆ గోడ తప్ప ఇంకేమీ చూడకుండా, ఎవరు పిలిచినా పలక్కుండా, నీళ్లు తాగమంటే తాగి లేకపోతే లేదన్నట్లు పడి ఉండిన మనిషి. ఆ చీకటి దినాల గురించే చెప్పాలని వచ్చాను. అయితే ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇందాక వాకిట్లో చెప్పులు విడుస్తుంటే ఈ కూటం ఏర్పాటు చేసిన సహోదరి ఒకామె నా చెయ్యి పట్టుకొని, "అక్కా, సాక్ష్యం బాగా చెప్పుక్కా, ఆ మేక సంగతి మటుకు వదిలెయ్, పెద్దపెద్దోళ్లు వచ్చినారు, నగుతారు" అంది. ఆమె మంచిదే, నా మేలు కోరే చెప్పింది. కానీ సహోదరులారా, నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం నష్టం లేదు. మేక లేకుండా నా సాక్ష్యం లేదు!

నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. మా నాయన పత్తి మిల్లులో పని చేసేవాడు. టీచరు ట్రైనింగు అయ్యాక నన్ను ఆళ్లగడ్డకు ఇచ్చారు, అక్కడే చిన్న బడిలో ఉద్యోగం కూడా దొరికింది. మా ఆయన కృపానందం బండల గనుల్లో పని, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది నేనూ మా అత్త రాహేలమ్మే. మా అత్త చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి, శెనక్కాయ చేలల్లో కూలికి పోయి కొడుకును పెంచింది, నోరు పెద్దది, చెయ్యి పెద్దది, ప్రార్థన చేస్తే వీధి చివరి వరకూ వినిపించేది. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో నేను నీళ్లోసుకున్నాను. ఆ సంతోషం ఏమని చెప్పేది! మా అమ్మ నంద్యాల నుంచి నేను చిన్నప్పుడు తాగిన ఇత్తడి ఉగ్గుగిన్నెను చింతపండుతో తోమించి, కొత్త గుడ్డలో చుట్టి పంపించింది. నేను దాన్ని గోడ గూట్లో పెట్టుకొని రోజూ చూసుకునేదాన్ని.

ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు సహోదరులారా. అందరూ ఏడుపు కోసం చూశారు, మంత్రసాని కాళ్లు పట్టి తట్టింది, మా అత్త "యేసయ్యా యేసయ్యా" అని అరిచింది, ఆ బిడ్డ మాత్రం నోరు తెరవకుండానే పోయింది. ఆ తర్వాత నాకు జ్వరం పట్టుకుంది, జ్వరం తగ్గింది, కాళ్లు మాత్రం నావి కాకుండా పోయాయి. నిలబెడితే కూలబడిపోయేదాన్ని. ఎడ్లబండి మీద బస్టాండుకు, బస్సులో నంద్యాలకు మోసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపించారు. ఆయన మోకాళ్లు తట్టి, అరికాళ్లు గీరి, "కాళ్లలో ఏ లోపమూ లేదు, లేచి నడవాలమ్మా" అన్నాడు. లేవాలి, నిజమే, ఎందుకు లేవాలో మాత్రం ఆయన చెప్పలేదు.

అప్పుడు మొదలైంది చూడండి ఓదార్చేవాళ్ల రాకపోకలు! ఒకామె వచ్చి గాలి సోకింది, తాయెత్తు కట్టించమంది. మా సంఘంలోవాళ్లే ఇద్దరు ముగ్గురు మంచం చుట్టూ కూర్చొని, దాచిపెట్టిన పాపం ఏదో ఉంది, ఒప్పుకుంటే లేస్తావు అన్నారు. నేను పడుకొని పడుకొని వెతికాను సహోదరులారా, చిన్నప్పటి నుంచి అంతా వెతికాను, ఆ బిడ్డ ప్రాణానికి సరిపోయే పాపం ఒక్కటీ దొరకలేదు, దొరికి ఉంటే ఆ క్షణమే ఒప్పుకొని లేచి పోయేదాన్ని! ఇంకొకాయన, నీకు విశ్వాసం చాలదమ్మా అన్నాడు. అవునయ్యా, చాలదు, ఉంటే నేనెందుకు ఇట్లా పడి ఉంటాను? కుంటివానికి కాలు చాలదని చెప్పడానికి అంత దూరం రావాలా? ఇప్పుడైతే ఇట్లా అడుగుతాను గానీ అప్పుడు నాకు నోరు లేచేది కాదు. వాళ్లు పోయాక గోడవైపు తిరిగి నేను చేసే ప్రార్థన ఒక్కటే. మందిరంలో ఉన్నానని అబద్ధం చెప్పను, చేసింది చేసినట్లే చెబుతున్నాను: "ప్రభువా, రేపు నన్ను లేపొద్దు. నాకు తెల్లవారొద్దు." రోజూ తెల్లవారేది. రోజూ ఆయన మీద నాకు కోపం వచ్చేది.

మా అత్త ఉపవాసాలు పట్టింది. శుక్రవారం శుక్రవారం పచ్చి నీళ్లు తాగకుండా మందిరానికి పోయి మోకాళ్లూని వచ్చేది. ఏం అడిగిందో, ఏం మాట ఇచ్చిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మాకొక మేక ఉండేది. అది ఈని కొన్నాళ్లు కాకముందే, ఎవరిదో మందు కొట్టిన చేనులో పడి ఆకు మేసి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి వాకిట్లోనే కాళ్లు తన్నుకొని చచ్చిపోయింది. పిల్ల మిగిలింది. నల్లది, చెవుల కొసలు తెలుపు, కాళ్లు పుల్లలు. మా అత్త దాన్ని చెంగులో వేసుకొని లోపలికి తెచ్చి, నా మంచం కోడుకు కట్టేసింది.

"బయట కట్టేస్తే కుక్కలు పీక్కోని తింటాయి మే. నీ కాడ ఉండనీ. నువ్వు లేయాల్సిన పన్ల్యా, ఊరికే చూస్తాండు" అని చెప్పి, లోటాలో పాలు పోసి మూత పెట్టి, తలగుడ్డ చుట్టుకొని చేనికి పోయింది.

ఆ పిల్ల అరిచింది సహోదరులారా! అరిచింది, అరిచింది, ఆపకుండా అరిచింది. ఏ ఇంట్లో ఒక పిల్ల ఏడుపు కోసం మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నామో, అదే ఇంట్లో, అదే మంచం కింద, ఈ పిల్ల గొంతు చించుకొని అరిచింది. నేను చెవులు మూసుకున్నాను. దుప్పటి కప్పుకున్నాను. "నోరుముయ్యి" అని తిట్టాను, అన్ని నెలల్లో నేను గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే! అది నోరు ముయ్యలేదు. మంచం మీద నుంచి వేలాడుతున్న నా చేతిని వెతుక్కొని, వేలు నోట్లో పెట్టుకొని చీకడం మొదలుపెట్టింది. వేలిలో పాలెక్కడివి? అయినా వదల్లేదు, తోక ఆడించుకుంటూ, తలతో నా చేతిని పొడుస్తూ చీకుతూనే ఉంది.

పాలు లోటాలో ఉన్నాయి, లోటా పొయ్యి దగ్గర ఉంది. లోటాలో దాని మూతి పట్టదు. పట్టేది ఒక్కటే ఉంది ఇంట్లో, అది అవతలి గోడ గూట్లో ఉంది, గుడ్డలో చుట్టి ఉంది, దాన్ని నేను చూడకూడదనే గోడవైపు తిరిగి పడుకున్నాను. నేను మంచం మీద నుంచి కిందికి జారాను. పాకాను. గోడ పట్టుకున్నాను. సహోదరులారా, ఏ దైవసేవకుడూ నా తల మీద చెయ్యి పెట్టలేదు, ఏ స్వరమూ వినిపించలేదు, కాళ్లు గడగడ వణికాయి, చెమటలు పోశాయి, బూతులు రాని నోరు గనక సరిపోయింది, ఆ మేకపిల్లను తిట్టుకుంటూ తిట్టుకుంటూ గోడకు అతుక్కొని లేచి నిలబడి ఉగ్గుగిన్నె తీశాను. నా బిడ్డకు పట్టాల్సిన గిన్నెతో మేకపిల్లకు పాలు పట్టాను. అది తాగుతుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బిడ్డ పోయినప్పటి నుంచి నాకు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది, మేకపిల్ల మూతి మీద పడింది, అది కూడా నాకేసింది.

ఏం పోయింది ఆ రోజు నాలో నుంచి? దయ్యమా? కాదు! మేకపిల్లకు ఆకలేసింది, అంతే! దేవుడు నాకు ఎందుకు లేవాలో చూపించాడు. డాక్టరు చెప్పలేనిది, ఓదార్చేవాళ్లు చెప్పలేనిది, నోరులేనిదని మనం అనుకునే ఒక జీవి అరిచి చెప్పింది. దేవునికే మహిమ!

అప్పటి నుంచి మా అత్త చీకటితోనే చేనికి పోగానే, మందిరం గంట కొట్టకముందే అది అరిచేది, అందుకే దానికి గంట అని పేరు పెట్టాను. లేవకపోతే ఊరుకునేది కాదు, దుప్పటి కొస నమిలేది, నా జుట్టు నమిలేది. పాలు పట్టడం అయ్యాక ఆకు కావాలి, ఆకు కోసం వాకిట్లోకి పోవాలి. గోడ పట్టుకొని వాకిలి దాకా, కర్ర పట్టుకొని వేపచెట్టు దాకా పోయాను. మా అత్త చేనికి పోయినప్పుడే ఇదంతా. ఆమె వచ్చే వేళకు మళ్లీ మంచం ఎక్కేదాన్ని, ఎందుకంటే లేచానని తెలిస్తే సంఘమంతా వచ్చి చుట్టూ కూర్చొని, చెప్పలేదా మేము అంటారని నాకు భయం!

ఒక రోజు ఆమె తొందరగా వచ్చింది. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను, గంట నా కాళ్ల మధ్య దూరి ఉంది. మా అత్త నెత్తి మీద గంప అట్లే కింద పడేసింది, శెనక్కాయలన్నీ వాకిలంతా చెల్లాచెదురు, ఆ మట్టిలోనే మోకాళ్లూని, చేతులెత్తి పెద్దగా ప్రార్థన చేసింది.

"యేసయ్యా! నా కోడల్ని లేపినావు తండ్రీ! నువ్వు చేసి చూపిస్తివి, నేనూ మాట తప్పను తండ్రీ! కోడలు లేస్తే మా మేక ఈనే తొలిపిల్లను కోతపండక్కి నీకిస్తానని చెప్పింటినే, ఇస్తాను నాయనా, ఇదో ఈ పిల్లనే, నా చేతుల్తో తోలుకొచ్చి ఇస్తా!"

కోతపండుగ అంటే మీకు తెలుసు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, పొట్టేళ్లు అన్నీ మందిరంలోకి తెచ్చి అర్పిస్తారు, ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలం పెడతారు. మేకను పాడుకునేది ఎవరు? కసాయే! అంటే నన్ను లేపింది గంట, నేను లేచాను గనక గంట మెడ కత్తి కిందికి పోవాలి. నేను లేచి నిలబడడమే దాని చావు!

నేను ఏం చేశానో చెబితే నవ్వుతారు. తిరిగి లోపలికి పోయి మంచం ఎక్కి పడుకున్నాను.

"ఏందిమే, ఏమాయ?" అని మా అత్త పరుగెత్తుకొచ్చింది.

"నేను లేయలేదత్తా. లేస్తే కదా నీ మొక్కు? నేను లేయలా."

"ఇప్పుడే నిలబడింటివి గదే!"

"నిలబడలా. నువ్వు ఎండకు వచ్చినావు, కండ్లు తిరిగి అట్ల కనబడింటాది."

మా అత్త నడుం మీద చేతులు పెట్టుకొని నన్ను అట్లే చూసింది. "దేవుణ్ణి ఏమారుస్తావామే? ఆయనేం జూస్తాండ్లా?" అంది. చూడనీ అన్నాను. అన్నం ఒద్దన్నాను, దొడ్డికి పోవడానికి మంచం దగ్గరికే పీట కావాలన్నాను, మళ్లీ జబ్బుమనిషినైపోయాను. ఆమె కోపంతో గిన్నెలు ఎత్తి కొట్టింది. గంట మాత్రం నా మంచం కింద పడుకొని హాయిగా నెమరు వేసుకుంటూ ఉండింది.

ఎన్నాళ్లు సాగుతుంది ఆ నాటకం! ఒక రోజు మధ్యాహ్నం అది తాడు తెంపుకొని వీధిలోకి పోయింది. కుక్కల అరుపు వినిపించింది, దాని అరుపూ వినిపించింది. అంతే సహోదరులారా, నాకు కాళ్లు ఉన్నాయా లేవా అని ఎవరడిగారు? కర్ర కూడా పట్టుకోలేదు, కుచ్చెళ్లు ఎగదోపుకొని వీధిలోకి ఉరికాను, చేతికందిన రాళ్లు విసిరాను, ఒక కుక్క వీపు మీద గట్టిగానే తగిలింది, గంటను ఎత్తి భుజాన వేసుకున్నాను. అప్పుడు చూశాను. వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. "ఓయమ్మ, సుగుణ ఉరికిందే! మంచంలో పండుకున్న సుగుణ!" అని ఒకామె నోటి మీద చెయ్యేసుకుంది. ఇంక మంచం ఎక్కి ఏం లాభం?

ఆ సాయంకాలం మా అత్త నా పక్కన కూర్చొని, నా పాదాలు ఒళ్లో పెట్టుకొని ఆముదం రాస్తూ, నెమ్మదిగా, ఆమె గొంతు అంత నెమ్మదిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది, ఇట్లా అంది: "మాట తప్పితే నిన్ను మళ్లా మంచాన పడేస్తాడేమోనని భయం మే నాకు. నాకు మేక ముద్దు గాదనుకుంటాండావా? నాకు నువ్వు ముద్దు." ఆమె మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటకు పోయింది. తల్లి కూడా అంతకంటే ఏం అనగలదు! కానీ గంటను మాత్రం నేను వదులుకోలేదు.

ప్రార్థన చేశాను. మెత్తని ప్రార్థన కాదు. "ప్రభువా, నన్ను లేపడానికి దీన్ని పంపించి, లేచినందుకు దీన్ని కోయించుకుంటావా? నువ్వు అట్లాంటివాడివైతే నాకు ఆ మంచమే ఇచ్చెయ్. అట్లాంటివాడివి కాకపోతే నా పక్కన నిలబడు" అని అడిగాను. ఆకాశం నుంచి జవాబు రాలేదు. కోపం మాత్రం తగ్గలేదు, ఒళ్లంతా బలం పాకినట్లుంది. ఆ కోపం కూడా ఆయన ఇచ్చిందేనని నేను నమ్ముతాను, ఎవరేమన్నా సరే!

కోతపండుగ వచ్చింది. ఇంటి నుంచి మందిరం ఊరి ఆ చివర, అందుకని నన్ను జట్కాలో తీసుకుపోయారు. గంటకు స్నానం చేయించి, మెడలో బంతిపూలు కట్టి, ఆరాధనలో నేనే తాడు పట్టుకొని ముందుకు నడిపించాను. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి దేవునికి అప్పగించారు. మా అత్త కళ్లు తుడుచుకుంది, మొక్కు తీరింది. తర్వాత అందరూ చెట్టు కిందికి చేరారు. వేలం పాడించేది సంఘ పెద్ద యాకోబన్న, ఊళ్లో ఆయన గొంతుకు ఎదురులేదు. గుమ్మడికాయలు అయ్యాయి, కోళ్లు అయ్యాయి. "తేమ్మా మేకపోతును" అన్నాడు. నేను తాడు ఇవ్వలేదు.

"దేవునికిచ్చినామన్నా, తీసుకున్నాడు. వేలానికి నేనియ్యలా."

"ఏందిమ్మా ఈ మాట? దేవునికిచ్చినాక వేలం పెట్టేది మన పద్ధతి గదా."

"పద్ధతి మనది. మేక దేవునిది. మాంసం కావాలని దేవుడు నీకేమన్నా చెప్పినాడా అన్నా?"

జనం గొల్లుమన్నారు. యాకోబన్న ముఖం ఎర్రబడింది. "ఇది దేవుని మందిరమా, మేకల దొడ్డా? యాడ కట్టేయాల దీన్ని? ఎవురు సాకల్ల?" అని గద్దించాడు. నేను తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. "దేవుని సొత్తు దేవుని ఇంట్లోనే ఉంటాది. నేను సాకుతా. దినామూ వచ్చి మేపుతా" అన్నాను.

అయ్యగారు ముందుకు వచ్చారు. ముసలాయన, తక్కువ మాట్లాడేవారు. నా కాళ్ల వైపు చూశారు. "అమ్మా, ఈ రోజు నువ్వు జట్కాలో వచ్చావు. రోజూ జట్కా ఎవరు పెడతారు?" అని అడిగారు.

"నడిచొస్తానయ్యా."

"ఊరి ఆ కొస నుంచా?"

"ఆ కొస నుంచే."

ఆయన సంఘమంతా వినేటట్లు చెప్పారు. "సరే. ఈ మేక ఇక్కడే ఉంటుంది. సుగుణమ్మ వచ్చి మేపినన్నాళ్లూ ఎవరూ దీని జోలికి పోకూడదు. ఆమె రాని రోజు మాత్రం, ఆ రోజే వేలం." యాకోబన్న నవ్వాడు. "వారం తిరగనీ అయ్యగారూ" అన్నాడు. ఆ నవ్వు చూశారూ, దేవునికి స్తోత్రం, ఆ నవ్వు నాకు చేసిన మేలు ఏ టానిక్కూ చేయలేదు!

మరుసటి రోజు నుంచి నడిచాను. సహోదరులారా, నడిచాను! మొదట్లో దారిలో ఎన్ని అరుగుల మీద కూర్చున్నానో లెక్కలేదు. శిల్పులు రాళ్లు చెక్కే పాకల ముందు నుంచి పోతుంటే వాళ్లు ఉలి ఆపి చూసేవాళ్లు. వాళ్లలో ఒక ముసలి ఆచారి నాకోసం ఒక చదును రాయి దారి పక్కకు జరిపించాడు, "కూసో తల్లీ, కూసోని పో" అనేవాడు. అహోబిలం పోయే యాత్రికులు బస్టాండులో నిలబడి, అవిసాకు మోపు చంకలో పెట్టుకొని కుంటుకుంటూ పోయే నన్ను వింతగా చూసేవాళ్లు. నేను గేటు దాటే ముందే గంటకు నా అడుగుల చప్పుడు తెలిసిపోయేది, అది అరిచే అరుపు వింటే చాలు, కాళ్ల నొప్పి ఎటు పోయేదో!

ఒక రోజు కాళ్లు వాచి స్తంభాల్లా అయ్యాయి. పైగా పొద్దున్నే వాన, వక్కిలేరు నిండుగా పారుతోందని వీధిలో చెప్పుకుంటున్నారు. నేను మంచం మీద కూర్చొని నా వల్ల కాదత్తా అన్నాను. ఇంక అయిపోయింది అనుకున్నాను. పాత గోడ మళ్లీ నన్ను చూస్తోంది. మా అత్త ఏమనాలి? పడుకోమ్మా అనాలి. ఆమె గోనెసంచిని కొప్పెర చేసి నా నెత్తిన పెట్టింది, ఇంకొకటి తాను పెట్టుకుంది, ఆకు మోపు చంకన పెట్టుకొని నా చెయ్యి పట్టి లాగింది.

"లేయిమే. అది అరుస్తాంటాది."

మొక్కిన మనిషే! ఆ మొక్కుతో దాని మెడ మీదికి తెచ్చిన మనిషే! ఆ వానలో నన్ను భుజానికి ఆనించుకొని, ఒక చోట దాదాపు మోసుకొని తీసుకుపోయింది, దారి పొడుగునా పెద్దగా పాటలు పాడింది. మేము తడిసి ముద్దయి గేటు తెరిచేసరికి, యాకోబన్న అక్కడున్నాడు. వేలం పెట్టడానికే వచ్చాడనుకున్నాను. చూస్తే గంట మీద ఆయన పైగుడ్డ కప్పి ఉంది, ఆయన చేతిలో చింతాకు కొమ్మ ఉంది. "నేనేమీ పెట్టలా, ఊరికే చూసిపోదామని వచ్చినా" అన్నాడు. గంట నోట్లో సగం కొమ్మ ఇంకా ఉంది! అబద్ధం చెప్పే సంఘ పెద్దను చూసి నేను అంత సంతోషించింది అదే మొదటిసారి.

ఆ నడకే నా స్వస్థత సహోదరులారా. రోజూ బడి ముందు నుంచే పోవాలి, కిటికీలోంచి పిల్లలు చూసి "టీచర్, టీచర్" అని అరిచేవాళ్లు. ఒక రోజు హెడ్మాస్టరమ్మ బయటికి వచ్చి, ఇంత దూరం నడిచేదానివి లోపలికి రాలేవా అంది. పోయాను. సుద్దముక్క పట్టుకున్నాను. పొద్దున మేక, తర్వాత బడి, అట్లా కొన్నేళ్లు గడిచాయి. గంట పెద్ద పోతైంది, కంపు కొట్టేది, ఆదివారం బూట్లేసుకొని వచ్చేవాళ్లను వెనక నుంచి పొడిచేది, మట్టల ఆదివారం నాడు పిల్లల చేతుల్లో మట్టలు లాక్కొని నమిలేది. తిట్టనివాళ్లు లేరు, దానికి ఆకు తేనివాళ్లూ లేరు. చివరికి ముసలిదై, నేను పక్కన కూర్చొని ఉండగానే, నా వేలు నోట్లో పెట్టుకొని పోయింది. దాన్ని చర్మానికి ఇవ్వమని ఒకరు అన్నారు. యాకోబన్న పార తెచ్చి ప్రహరీ పక్కన గుంత తవ్వాడు.

ఇప్పుడు చెప్పండి, ఈ మేకను వదిలేసి ఏం చెప్పాలి నేను? మొట్టమొదటి మనిషి ఒంటరిగా ఉన్నాడని చూసి దేవుడు వాడి దగ్గరికి మొదట తోలుకొచ్చింది ఎవరిని? జంతువులనే కదా! ఆదిలోనే అట్లా చేసినవాడు ఆళ్లగడ్డలో చేయకూడదా? కుక్కను, పిల్లిని, మేకను ప్రేమించేవాళ్లను చూసి, మనుషుల మీద పెట్టాల్సిన ప్రేమ పశువుల మీద పెడుతున్నారని నిందించేవాళ్లు మీలో ఉన్నారు, నాకు తెలుసు. అయ్యా, నేను మంచం మీద ఉన్నప్పుడు మనుషులొచ్చి నన్ను పాపం అడిగారు. అది వచ్చి పాలు అడిగింది. నేను దేనికి లేచాను? నన్ను విమర్శించేవాళ్లు ముందు ఆ మాటకు జవాబు చెప్పాలి!

ఇంకొకటి కూడా మీరు మనసులో అడుగుతున్నారు, మీ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. తర్వాత దేవుడు బిడ్డను ఇచ్చాడా అని. సాక్ష్యమంటే చివర్లో బిడ్డ రావాలి కదా! ఇవ్వలేదు సహోదరులారా. నాకు పిల్లలు పుట్టలేదు. మా అత్త పోయేదాకా అడుగుతూనే ఉంది, నేనూ అడిగాను, ఆయన ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో పైకి పోయాక ముఖం మీదే అడుగుతాను, అడగకుండా ఊరుకునేది లేదు. అయినా ఆయనకే మహిమ! ఆ మాట నేను పళ్లు బిగించి చెప్పిన దినాలున్నాయి, ఈ రోజు నోరారా చెబుతున్నాను. రేపు నన్ను లేపొద్దని అడిగిన మనిషిని నేను. నా ప్రార్థన ఆయన ఒక్క రోజు కూడా వినలేదు, అందుకే ఆయన్ను నమ్ముకున్నాను!

ఈ మందిరంలో గోడవైపు తిరిగి పడుకొని, ఎవరో లాక్కొస్తే వచ్చినవాళ్లు ఉంటే, అక్కా, చెల్లీ, అన్నా, నీతోనే మాట్లాడుతున్నాను. నీకు విశ్వాసం చాలదని ఎవరైనా అంటే అననీ. నీ దగ్గర ఉన్న పిసరు చాలు. నిన్ను లేపడానికి దేవుడు దేవదూతనే పంపాలని ఎదురుచూడకు. గోడ అవతల ఏదో ఒకటి ఆకలితో అరుస్తూ ఉంటుంది, చెవులు మూసుకోకు, తిట్టుకుంటూనైనా సరే లే. ఆ అరుపు పంపించినవాడిని నమ్ము. నన్ను విడిపించినవాడు నిన్ను విడిచిపెట్టడు.

ఇన్నాళ్లూ నన్ను నడిపించిన దేవునికి, ఆరు నూరైనా ప్రార్థన మానని మా అత్తను నాకిచ్చిన దేవునికి స్తోత్రం. కూటం అయ్యాక నన్ను భోజనానికి ఆగమని బలవంతం చేయకండి, నేను బేగా ఇంటికి పోవాలి. మొన్న మా సందులో కళ్లు తెరవని కుక్కపిల్ల ఒకటి దొరికింది. ఉగ్గుగిన్నె కడిగి బోర్లించి వచ్చాను, ఈపాటికి అది అరుస్తూ ఉంటుంది.